గోడ అవతలి రేడియో గారికి

మహారాజశ్రీ పక్కింటి రేడియో గారికి,

గోడ ఇవతలి నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీరిప్పుడు ఏ పాత సామాన్ల కొట్లో దుమ్ము పట్టి ఉన్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు. అయినా రాయక తప్పడం లేదు. మా అమ్మ పాటల క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. పదకొండు క్యాసెట్లలోనూ మీరే ఉన్నారు.

విజయవాడ సత్యనారాయణపురంలో మనది ఉమ్మడి గోడ. మా నాన్న టేప్ రికార్డర్ కొన్నది అమ్మ పాటలు పట్టడానికి. మీరేమో పిలవని పేరంటానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పైగా మా టేప్ రికార్డర్‌కి ఒక గుణం ఉంది. శబ్దం పెద్దదైతే తనే తగ్గిస్తుంది, చిన్నదైతే తనే పెంచుతుంది. అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, ఇదే సందని మిమ్మల్ని పైకి లేపేది. వింటే ఆవిడ పల్లవి పాడుతున్నట్టు, మీరు అనుపల్లవి అందుకుంటున్నట్టు ఉంటుంది. ఆవిడది మంగళహారతి, మీది డ్యూయెట్.

నేను పడిన పాట్లు మీకు చెప్పాలి. ముందు ఒక పాత క్యాసెట్ డెక్ సంపాదించి బెల్టు మార్పించాను. దూది ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, టేపుని చదివే హెడ్ తుడిస్తే గోధుమరంగు మట్టి వచ్చింది. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కితే అమ్మ శాశ్వతంగా పోతుంది కాబట్టి, ప్రతి క్యాసెట్ నెత్తినా ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచేశాను. తొంభై నిమిషాల క్యాసెట్‌కి తొంభై నిమిషాలూ పక్కన కూర్చోవాల్సిందే, ఇందులో తొందరపాటు కుదరదు. ఫైలు వేవ్‌లో, అంటే శబ్దాన్ని కుదించని రూపంలో, దాచాను. నిమిషానికి పది ఎంబీ తింటుంది, తిననీ. ఎంపీ3 పంచిపెట్టడానికి బాగుంటుంది గానీ, అసలు కాపీని ఎవరైనా పిండి వడకట్టి దాస్తారా?

తర్వాత మిమ్మల్ని గెంటేద్దామని, శబ్దాలు సరిచేసే ఆడాసిటీ అనే ప్రోగ్రాం తెరిచాను. పాట లేని చోట రెండు సెకన్ల నమూనా చూపిస్తే, టేపు బుసని అది బాగానే తీసేసింది. బుస ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పట్టేసుకుంది. మీరు క్షణానికో స్వరం మారుస్తారు. ఇంకొంచెం గట్టిగా తీయమంటే మీరు అలాగే ఉండి, అమ్మ నీళ్ల బిందెలోంచి పాడుతున్నట్టయింది. ఆపేశాను.

సరే, మీతో పాటే పెడదామని ఒక వీడియోల సైటుకి ఎక్కించాను. పది నిమిషాలు కాలేదు, నోటీసు వచ్చింది. మా అమ్మ హారతిలో 2:10 నుంచి 2:50 దాకా ఉన్నది ఫలానా కంపెనీ సొత్తట! ఆ నలభై సెకన్లూ మీరే, గురువు గారూ. నలభై ఏళ్ల నాటి టేపులో, గోడ అవతల, ప్రెషర్ కుక్కర్ విజిల్ కింద మీరు కూనిరాగం తీస్తే ఆ సైటు మెషీన్ గుర్తుపట్టింది. మైకు ముందు కూర్చుని పాడిన మా అమ్మని మాత్రం ఎవరో అనుకుంది.

తప్పు దానిది కూడా కాదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం సినిమా పాట రికార్డు మీద హక్కు, విడుదలైన ఏడాది దాటాక 60 ఏళ్లుంటుంది. త్యాగరాజ స్వామి 1847లోనే సిద్ధి పొందారు, ఆయన కీర్తనకి ఎవరూ నోటీసు పంపరు. అన్నమయ్య దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మాట ఆయనదే అయినా, బాణీ ఈ కాలం వాళ్లు కట్టినదైతే లెక్క వేరు. ఇంకో సంగతి, పాడినవాళ్లకీ 50 ఏళ్ల హక్కుంది. ఆ లెక్కన 1986లో పాడిన పాట మీద 2036 చివరి దాకా అమ్మదే అధికారం. నేను ఆవిడని అడగనే లేదు.

1986 అని ఎలా తెలిసిందంటారా? అట్ట మీద నాన్న ‘అమ్మ పాటలు, ముట్టుకోవద్దు’ అని రాశారు గానీ, ఏడాది వేయలేదు. ఏడాది చెప్పింది మీరే. శ్రావణ మాసపు పేరంటం పాటల వెనకాల మీరు గోదావరి వరద వార్తలు చదివించారు. భద్రాచలంలో నీళ్లు 75 అడుగులు దాటిన ఆగస్టు అది. ఈ ఒక్కదానికి మాత్రం థాంక్స్.

అదే టేపులో ఇంకో గండం ఉంది. హారతి నడుస్తుండగా ఒక పేరంటాలు ఎవరి అమ్మాయి సంబంధమో చెబుతోంది. పేరు, కట్నం, స్కూటరు, అన్నీ. మీ గోలలో సగం వినపడదు. మిగతా సగం శుభ్రంగా వినపడుతుంది. ఆ అమ్మాయి ఇప్పుడు అమ్మమ్మ. అట్టకి ఫోటో తీసి వీడియోకి బొమ్మగా పెడితే, గుంటూరు నుంచి మా పిన్ని కూతురు ఫోన్: “అన్నయ్యా, దాని మీద మీ ఇంటి నంబరు, పెద్దమ్మ పూర్తి పేరు ఉన్నాయి, చూసుకున్నావా?” లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టాను కదా అన్నాను. ఆ లింకు అప్పటికే వాళ్ల అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని చెప్పింది. అప్పుడు తీసేశాను.

ఇక అమ్మ ముందు కూర్చున్నాను. గొంతు నమూనా దొరికితే దొంగలు అచ్చం నీలాగే ఫోన్ చేసి డబ్బులడుగుతారమ్మా అని హెచ్చరించాను.

“నేను అడిగితేనే మీరు ఇవ్వరు, వాళ్లకేం ఇస్తారు” అంది. సంబంధం మాటలు తీసెయ్యమంది. జలుబు చేసిన రోజు పాడినవీ వద్దంది.

మీరు లేని పాట ఒక్కటే దొరికింది. ఆ రోజు కరెంటు పోయింది, మీరు నోరు మూశారు. మా టేప్ రికార్డర్ బ్యాటరీల మీద నడిచింది. దూరంగా రైలు కూత వినిపిస్తుంది (ఆ పట్టాల చోట ఇప్పుడు బస్సుల కోసం వేసిన బీఆర్టీఎస్ రోడ్డు). అంతా బాగుంది గానీ, బ్యాటరీలు నీరసించి టేపు నెమ్మదిగా తిరిగింది కాబట్టి, ఇప్పుడు మామూలు వేగంలో వేస్తే అమ్మ పదేళ్ల పిల్లలా పాడుతోంది. “ఇది నేను కాదు, మీ చిన్నక్క” అంది అమ్మ. ఎంత తగ్గించాలో చెప్పేవాళ్లు లేరు.

చివరి చరణంలో కరెంటు వచ్చింది. మీరూ వచ్చారు. మీరు ఎత్తుకున్న పాట అసలు రికార్డు దొరుకుతుంది కదా, రెండూ పక్కపక్కన పెట్టి వేగం తగ్గిస్తూ పోయాను. దాదాపు ఆరు శాతం దగ్గర మీ శ్రుతి కలిసింది. దాంతో అమ్మ గొంతు కూడా అమ్మ గొంతయింది.

తర్వాత, క్షమించాలి, మిమ్మల్ని కత్తిరించి చివరి చరణం ముందే పాట ఆపేశాను. ఊళ్లోకి పంపే కాపీ అది. అమ్మకి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది, ఆగిపోగానే తెరిచింది.

“ఆపేశావేం? ఇక్కడ పక్కింటి వాళ్ల రేడియోలో మంచి పాట రావాలి కదా.”

ఇట్లు,
గోడ ఇవతలి వాడు