కూటమి మారింది ఫుట్‌బాల్ కోసం, విమానాలెక్కుతున్నది వాలీబాల్ పిల్లలు

అమెరికా కాలేజీ ఆటల లెక్కలు గమ్మత్తుగా ఉంటాయి. ‘బిగ్ టెన్’లో 18 కాలేజీలున్నాయి. ‘బిగ్ 12’లో 16. ‘అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్’ (ఏసీసీ)లోనేమో పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఆడుతున్నాయి. ఆ పేర్లలో భూగోళమూ లేదు, అంకగణితమూ లేదు.

కాన్ఫరెన్స్ అంటే ఇక్కడ సదస్సు కాదు, కూటమి. చుట్టుపక్కల రాష్ట్రాల కాలేజీలు ఏటా తమలో తాము ఆడుకోవడానికి కట్టుకున్న జట్టు. టీవీ హక్కులను కూటమే గంపగుత్తగా అమ్ముతుంది, వచ్చింది అందరూ పంచుకుంటారు. ఎక్కువ వాటా ఇచ్చే కూటమి కనబడితే కాలేజీ అటు దూకుతుంది. ఎన్నికల ముందు కండువాలు మార్చే ఎమ్మెల్యేలను చూసిన మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ ఫిరాయింపుల చట్టం కూడా లేదు.

పశ్చిమ తీరంలోని పాక్-12 కూటమి 1915లో పుట్టింది. ‘ఛాంపియన్ల కూటమి’ అని చెప్పుకునేది. ఉత్తగొప్ప కాదు, దాని కాలేజీలు అన్ని ఆటల్లో కలిపి 500కు పైగా జాతీయ టైటిళ్లు గెలిచాయి. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ కాలేజీలు రెండూ, యూఎస్‌సీ, యూసీఎల్ఏ, బిగ్ టెన్‌కు వెళ్తున్నామన్నాయి. రెండు నెలలు తిరక్కుండా బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటిన టీవీ ఒప్పందం ప్రకటించింది. ఆ శరత్కాలంలోనే బిగ్ 12 కూడా తన బేరం తెగ్గొట్టుకుంది. పాక్-12 పెద్దలు మాత్రం ఇంకా ఎక్కువ వస్తుందని కూర్చున్నారు. కాలేజీకి ఏడాదికి 3 కోట్ల డాలర్ల లెక్కన ఇస్తామంటే 5 కోట్లు అడిగారని అప్పట్లో అక్కడి పత్రికలన్నీ రాశాయి. చివరికి చేతిలో మిగిలింది చందాదారుల సంఖ్యను బట్టి డబ్బిస్తామన్న ఆపిల్ స్ట్రీమింగ్ ప్రతిపాదన ఒక్కటే. 2023 ఆగస్టు 4న ఒక్క రోజులో అయిదు కాలేజీలు వెళ్లిపోయాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా సర్దుకున్నాయి. పన్నెండింటిలో మిగిలినవి రెండు, కోర్వాలిస్‌లోని ఒరెగాన్ స్టేట్, పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

ఎవరు మొదట దూకారు, ఎవరు మాట తప్పారు అన్న పంచాయితీ మీద అక్కడ ఈపాటికే కావలసినంత చర్చ జరిగింది. నా ఫిర్యాదు వేరు. ఈ బేరమంతా ఒక్క ఆట కోసం జరిగింది. టీవీ వాళ్లు డబ్బు పోసింది అమెరికన్ ఫుట్‌బాల్‌కు, దాని వెనక చాలా దూరంలో బాస్కెట్‌బాల్‌కు. కాలేజీలు మాత్రం తమ దగ్గరున్న ఇరవై చిల్లర ఆటలనూ మూటగట్టి కొత్త కూటమిలోకి మోసుకెళ్లాయి. ఆ మూటను విప్పాలి. ఫుట్‌బాల్‌ను ఎక్కడికి కావాలంటే అక్కడికి పోనివ్వండి. మిగతా ఆటల్ని ఇంటికి తేవాలి.

ఫుట్‌బాల్ జట్టు సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లు. వారానికొకటి, ఎక్కువగా శనివారం. అందులో సగమో అంతకంటే ఎక్కువో సొంత స్టేడియంలోనే. అంటే మూడున్నర నెలల్లో అయిదారు ప్రయాణాలు, అవీ చార్టర్ విమానాల్లో. ఆ జట్టును పోర్ట్‌లాండ్ నుంచి పెన్సిల్వేనియా పంపినా కొంప మునగదు. మరి సాఫ్ట్‌బాల్? సీజన్‌కు యాభైకి పైగా మ్యాచ్‌లు. బేస్‌బాల్ అంతే. వాలీబాల్ ముప్పై దాకా, అదీ వారం మధ్యలో కూడా. ఇప్పుడు యూసీఎల్ఏకూ న్యూజెర్సీలోని రట్గర్స్‌కూ ఒకే కూటమి. మధ్య దూరం దాదాపు 3,900 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సింగపూర్ ఇంతకంటే దగ్గర! ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయి సింగపూర్ వెళ్లి వాలీబాల్ ఆడి, రెండున్నర గంటల టైమ్ తేడాతో వెనక్కొచ్చి, మర్నాడు పొద్దున కెమిస్ట్రీ ల్యాబ్‌లో కూర్చోవాలంటే మనమేమంటాం? ఆ అమ్మాయి ఆటకు టీవీ వాడు ఇచ్చింది దాదాపు సున్నా. పైపెచ్చు టికెట్, హోటల్ ఖర్చు అదనం.

ఫుట్‌బాలే కదా అందరినీ పోషిస్తోంది, అది ఎటు వెళ్తే అటే అంటారు. పోషించేది నిజమే. కరీంనగర్ జిల్లాలో, కోనసీమలో ఎన్ని ఇళ్లలో పెద్దకొడుకు గల్ఫ్ వెళ్లి డబ్బు పంపలేదు? కొడుకు దుబాయ్‌లో సంపాదిస్తున్నాడని బడికెళ్లే చెల్లెల్నీ, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మనూ విమానమెక్కించి అక్కడి లేబర్ క్యాంపులో దింపిన ఇల్లు ఒక్కటి చూపించండి. డబ్బు పంపితే చాలు. మనిషి మనిషీ అక్కడికి పోనక్కర్లేదు. మన ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలిసిన ఈ సంగతి అక్కడ లక్షల డాలర్ల జీతాలు తీసుకునే వాళ్ల బుర్రకు ఎందుకు ఎక్కలేదో!

ఎక్కకపోవడమేం, ఎక్కింది. దారి ఎప్పట్నుంచో ఉంది కూడా. నోటర్ డామ్ ఫుట్‌బాల్‌లో ఏ కూటమిలోనూ లేదు, స్వతంత్రం. దాని మిగతా ఆటలు దాదాపు అన్నీ ఏసీసీలో ఆడతాయి. కనెక్టికట్ కూడా అంతే, ఫుట్‌బాల్ ఒంటరి, బాస్కెట్‌బాల్ వగైరా బిగ్ ఈస్ట్‌లో. యూసీఎల్ఏకు ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్న చిప్ కెల్లీయే 2023లో ఫుట్‌బాల్‌ను విడదీయండి, మిగతా ఆటల్ని వాటి చోట ఆడుకోనివ్వండి అని బాహాటంగా అడిగాడు. ఫుట్‌బాల్ కోచే ఆ మాట అన్నాక ఇంకెవరి సాక్ష్యం కావాలి? ఇంకో చిత్రం ఉంది. వాటర్ పోలోను చాలా పెద్ద కూటములు నిర్వహించవు. అందుకని కాలిఫోర్నియా కాలేజీలు ఆ ఆటకు ఎమ్‌పీఎస్‌ఎఫ్ అనే పశ్చిమ తీరపు సమాఖ్యలోనే ఉండిపోయాయి. యూఎస్‌సీ, యూసీఎల్ఏ, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, కూటములు చెదిరినా, ఈత కొలనులో ఇప్పటికీ ఇరుగుపొరుగే. నీళ్లలో సాధ్యమైంది నేలమీద కుదరదా?

స్టాన్‌ఫర్డ్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ కాలేజీకి చెందిన ఆటగాళ్లు 39 పతకాలు తెచ్చారు. చాలా దేశాలకు అన్ని రాలేదు, మన దేశానికి ఆరు. నెల్లూరు మూలాలున్న కుటుంబంలోంచి వచ్చిన నిశేష్ బసవారెడ్డి ఆడింది ఆ కాలేజీ టెన్నిస్ జట్టులోనే. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్లో జకోవిచ్ దగ్గర తొలి సెట్ లాక్కున్నప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి గుర్తుందిగా. అమెరికాలో ఒలింపిక్ ఆటగాళ్లు పుట్టేది ఇలాంటి కాలేజీల్లోనే, అక్కడ మన సాయ్ లాంటి ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. అలాంటి స్టాన్‌ఫర్డ్ ఏసీసీలో చోటు కోసం మొదటి కొన్నేళ్లు టీవీ డబ్బులో మూడో వంతు కంటే తక్కువకే ఒప్పుకుంది. ఆ పైన టెన్నిస్ పిల్లలు బోస్టన్ దాకా ఎగరాలి. తక్కువ కూలికి దూరాభారం పని.

అవతలివాళ్ల మాటా విందాం. వెళ్లకపోతే ఈ ఆటలే మూతపడేవంటారు. యూసీఎల్ఏ ఆటల విభాగం కరోనా కాలానికే 10 కోట్ల డాలర్లకు పైగా లోటులో ఉంది. స్టాన్‌ఫర్డ్ అంతటిది 2020లో 11 ఆటలు ఎత్తేస్తామని ప్రకటించి, గోల రేగాక వెనక్కి తీసుకుంది. మారినవాళ్లకు మంచే జరిగిందనడానికి ఆధారాలూ ఉన్నాయి. మన పిల్లలు వందలకొద్దీ చదువుకునే అరిజోనా స్టేట్, బిగ్ 12లో అడుగుపెట్టిన 2024లోనే ఛాంపియన్ అయింది. ఒరెగాన్ తన మొదటి ఏడాదే బిగ్ టెన్ గెలిచింది. ఒప్పుకుంటాను. కానీ గమనించండి, అవన్నీ ఫుట్‌బాల్ విజయాలే. నేను ఫుట్‌బాల్‌ను ఆపమనలేదు.

పైగా ఫుట్‌బాల్ ఇప్పుడు పేరుకే కాలేజీ ఆట. ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు, తొలి ఏడాది 2025-26లో 2.05 కోట్ల డాలర్ల దాకా. అందులో సింహభాగం వెళ్తున్నది ఫుట్‌బాల్ కుర్రాళ్లకే. ఇవ్వనీ, వాళ్ల చెమటతోనే కదా ఇన్నాళ్లూ కోచ్‌లు భవంతులు కట్టుకున్నది. జీతాలిచ్చే వ్యాపారాన్ని వ్యాపారంలా నడపండి. దాని టైమ్ టేబుల్‌ను స్కాలర్‌షిప్ మీద చదివే హైజంప్ పిల్ల మెడకు కట్టకండి.

ఒకే తల్లి పిల్లల మధ్య ఇది ఏం పెట్టిందో కూడా చూడాలి. యూసీఎల్ఏ, బర్క్‌లీ రెండూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమే, పాలకమండలి ఒక్కటే. అన్నను వదిలేసి తమ్ముడు యూసీఎల్ఏ వెళ్లిపోయాడని, తమ్ముడు ఏటా కోటి డాలర్లు అన్న బర్క్‌లీకి కట్టాలని ఆ మండలి తీర్పు చెప్పింది. అక్కడి పత్రికలు దానికి పెట్టిన ముద్దుపేరు, మన భాషలో చెప్పాలంటే, ‘భరణం’. యూసీఎల్ఏ పాత బాస్కెట్‌బాల్ దిగ్గజం బిల్ వాల్టన్ తన కాలేజీ వెళ్లడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. కామెంటరీలో ‘ఛాంపియన్ల కూటమి’ అనకుండా పది నిమిషాలు ఉండలేని మనిషి. 2024 మే 27న పోయాడు. కూటమి ఆయన తర్వాత రెండు నెలలు బతికింది, అది కూడా కాగితం మీద.

అసలు ఇదంతా ఎక్కడ మొదలైందో వెతికితే 1984 దగ్గర ఆగుతాం. అంతకుముందు ఎవరి మ్యాచ్ టీవీలో రావాలో కాలేజీ ఆటల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఒక్కో జట్టుకు కొన్నిసార్లకు మించి దొరికేది కాదు. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి. సుప్రీంకోర్టు 7-2తో ఆ పద్ధతిని కొట్టేసింది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. ఆయన 1930లలో కొలరాడో యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడి దేశమంతా మోగిపోయిన ఆటగాడు. ఆ ఆంక్షలుంటేనే ఆట చదువుకు దగ్గరగా ఉంటుందని ఆయన రాశారు. న్యాయం మిగతా ఏడుగురి వైపే ఉండొచ్చు, ఆటను చూసిన కన్ను మాత్రం ఆయనదే. 2023లో పాక్-12 కూలడం కొలరాడోతోనే ఊపందుకుంది. 2011లో బిగ్ 12ను వదిలి వచ్చిన కాలేజీ తిరిగి అక్కడికే ఘర్ వాపసీ చేసింది.

టీవీ కొనుక్కునేది మ్యాచ్‌ను అనుకుంటాం. అది కొనుక్కునేది క్యాలెండర్‌ను. ఫుట్‌బాల్ మ్యాచ్ ఎన్నింటికి మొదలవుతుందో కొన్నిసార్లు ఆరు రోజుల ముందు దాకా స్టేడియం వాళ్లకే తెలియదు, చానల్ చెప్పాలి. ఇది అమెరికా జబ్బేమీ కాదు. యూసీఎల్ఏ దూకిన ఆ 2022 జూన్‌లోనే మన ఐపీఎల్ అయిదేళ్ల హక్కులు 48,390 కోట్ల రూపాయలకు పోయాయి. ఏడాదిలో ఎండలు మండే రెండు నెలలు దానికి రాసిచ్చి, మిగతా క్రికెట్ అంతా సందుల్లో సర్దుకుంటోంది. విజయనగరం విజ్జీ పేరు మీద యూనివర్సిటీ కుర్రాళ్లు ఆడే విజ్జీ ట్రోఫీ ఇప్పుడు ఎప్పుడు జరుగుతుందో చెప్పగలరా? నేనూ చెప్పలేను, క్రీడా పేజీలు ముప్పై ఏళ్లుగా చదువుతున్నాను.

రంజీలోనూ ఇలాంటిదే జరిగింది, అక్కడ కారణం టీవీ కాదు, మంచి ఉద్దేశమే. 2001-02 దాకా జోన్ల వారీ పద్ధతి ఉండేది. ఆంధ్ర, హైదరాబాద్, కర్ణాటక, తమిళనాడు, కేరళ ఏటా ఒకళ్లతో ఒకళ్లు ఆడాల్సిందే. గుంటూరులోనో విశాఖలోనో హైదరాబాద్ జట్టు దిగితే జనం వచ్చేవారు, ఎందుకంటే అవతలి బౌలర్‌కు ఇక్కడ మేనమామ ఉండేవాడు. తర్వాత ప్రతిభను బట్టి ఎలీట్, ప్లేట్ అన్నారు. ఇప్పుడు ఆంధ్ర, హైదరాబాద్ ఒక గ్రూపులో పడితే ఆడతాయి, లేకపోతే లేదు. క్రికెట్ నాణ్యత పెరిగే ఉంటుంది. స్టాండ్లు మాత్రం ఖాళీ. పొరుగువాడి మీద కసి ఉన్నచోటే ఆటకు జనం ఉంటారు. అరిజోనా స్టేట్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా మేనల్లుడికి ఫుట్‌బాల్ రూల్స్ ఇప్పటికీ సగం అర్థం కావు. టూసన్‌లోని అరిజోనా యూనివర్సిటీ పేరెత్తితే మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ రెండూ కలిసి బిగ్ 12కు వెళ్లాయి గనక వాడి కసి భద్రంగా ఉంది. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ వందేళ్లకు పైబడి కొట్టుకున్న ఫుట్‌బాల్ పోరు 2023 నవంబర్‌తో ఆగింది. చివరిదాంట్లో కూటమిని వదిలేసి వెళ్తున్న ఓక్లహోమా మీద ఉండిపోతున్న ఓక్లహోమా స్టేట్ 27-24తో గెలిచింది.

పుల్‌మన్‌కు వద్దాం. గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు. 1978లో ఈ వాషింగ్టన్ స్టేట్‌లో చదువుకుంటూనే కెన్యా కుర్రాడు హెన్రీ రోనో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టాడు. ఆ కాలేజీ 2025లో అథ్లెటిక్స్‌ను కుదించి, దూరపు పరుగులు ఉంచుకుని, జంప్‌లు, త్రోలు ఎత్తేసింది. కూటమి విరిగిన దెబ్బ ఎవరికి తగిలిందో అడిగితే నేను చూపించేది ఆ జావెలిన్ పిల్లల్ని. ఒరెగాన్ స్టేట్‌తో కలిసి ఆ కాలేజీ కోర్టులో కూటమి పేరునూ ఖజానానూ దక్కించుకుంది. 2026 సీజన్ నుంచి బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ లాంటి వాటిని చేర్చుకుని పాక్-12 బోర్డు మళ్లీ కట్టుకుంటోంది.

1900 నుంచి నడుస్తున్న యాపిల్ కప్ పోరు, అంటే వాషింగ్టన్‌కూ వాషింగ్టన్ స్టేట్‌కూ మధ్య మ్యాచ్, కూటములు వేరుపడ్డాక మొదటిసారి 2024 సెప్టెంబర్ 14న సియాటెల్‌లో జరిగింది. నవంబర్ చలిలో జరిగే మ్యాచ్‌ను కొత్త క్యాలెండర్ ఎండలోకి నెట్టింది. అదే ఏడాది జనవరిలో జాతీయ ఫైనల్ ఆడి, కోట్ల వాటాతో బిగ్ టెన్‌కు వెళ్లిన జట్టు వాషింగ్టన్. ఆఖరి నిమిషాల్లో గోల్ గీత ముందు దాన్ని ఆపేసి, దిక్కులేక మిగిలిన పుల్‌మన్ కుర్రాళ్లు 24-19తో కప్పు పట్టుకెళ్లారు.