నాన్నను అడిగితే నేను చెప్పాను

"నిద్ర ఎలా పడుతోందండీ?" అని డాక్టరు గారు నాన్నను అడిగారు. "అసలు పట్టడం లేదండీ, రాత్రి రెండింటికి లేచి బాల్కనీలో కూర్చుంటున్నారు" అని నేను చెప్పాను. "ఆకలి?" అన్నారు. "ఒక్క పూటే తింటున్నారు" అని మా ఆయన చెప్పారు. "మనసులో ఏమైనా బాధగా ఉంటోందా?" అన్నారు. అమ్మ పోయి ఏడు నెలలైందనీ, అప్పటి నుంచీ ఇలాగే ఉన్నారనీ మళ్ళీ నేనే చెప్పాను. డాక్టరు గారు చీటీ రాసేశారు. అంతసేపూ నాన్న చొక్కా కింది గుండీని పట్టుకుని తిప్పుతూ కూర్చున్నారు. నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చేశాం. ఆ గదిలో నాన్న గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు.

ఇది విజయవాడ సూర్యారావుపేటలో జరిగింది. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. మా నంబరు 37. మా తర్వాతి నంబర్ల వాళ్ళు ముగ్గురు అప్పటికే లోపల గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ మా సత్యనారాయణపురంలో పూల కొట్టు దగ్గర రోజూ కనిపించే మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల పాఠాలు చెప్పిన నాన్న, ఆవిడ ఎదుట నోరు విప్పి "నాకు ఏడుపు వస్తోంది" అని చెబుతారా? తలుపు వేసి ఉన్నా చెప్పేవారు కాదేమో. కానీ ఆ తలుపు వేయలేదు.

మూడు వారాల తర్వాత, పిల్లలు పడుకున్నాక, 'ఇన్ ట్రీట్‌మెంట్' అనే అమెరికా సీరియల్ చూడటం మొదలుపెట్టాను. 2005లో ఇజ్రాయెల్‌లో వచ్చిన 'బెతిపుల్' అనే సీరియల్‌ను తీసుకుని హెచ్‌బీఓ అనే అమెరికా టీవీ ఛానెల్ వాళ్ళు 2008లో తీశారు. పాల్ వెస్టన్ అనే సైకోథెరపిస్టు (మాట్లాడించి మనసు బాధ తగ్గించేవాడు), అతని దగ్గరికి వచ్చే మనుషులు, అంతే. గేబ్రియల్ బర్న్ పాల్‌గా వేశాడు. మొదటి సీజన్‌లో సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు, ఇలా వారానికి నాలుగు రోజులు వాళ్ళే వస్తారు. శుక్రవారం పాల్ తానే తన గురువు లాంటి జీనా అనే ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. ఒక గది, రెండు కుర్చీలు, అరగంట మాటలు. మన సీరియళ్ళలో ఎవరైనా ఒక్క మాట అంటే ఆరు ముఖాలు మూడేసి సార్లు చూపిస్తారు. ఇక్కడ ఒక మనిషి మాట వెతుక్కుంటుంటే కెమెరా కూడా కదలకుండా కూర్చుంటుంది.

2010లో వచ్చిన మూడో సీజన్‌లో ఇర్ఫాన్ ఖాన్ ఉన్నారు. పాత్ర పేరు సునీల్. కలకత్తాలో లెక్కల ప్రొఫెసరు, భార్య పోయింది, న్యూయార్క్‌లో కొడుకూ కోడలి ఇంట్లో ఉంటున్నాడు. వాళ్ళే అతన్ని తీసుకొస్తారు. అతను ఎదురుగా కూర్చుని ఉండగానే అతని గురించి వాళ్ళు చెబుతుంటారు, తినడం లేదనీ, ఎవరితోనూ కలవడం లేదనీ. నేను అక్కడ ఆపేశాను. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. కొడుకూ కోడలూ వెళ్ళిపోయి ఇద్దరే మిగిలాక కదా సునీల్ మాట్లాడతాడు! అప్పటిదాకా చెప్పడానికి అతనికి చోటు ఎక్కడ ఉంది? మేమిద్దరం నాన్నకు చోటు ఎక్కడ ఇచ్చాం?

"మనకు ఇవన్నీ ఎందుకు, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, బంధువులున్నారు, చెప్పుకోవడానికి మనుషులకు కరువా?" అనే మాట ఈ మధ్య చాలా చోట్ల చూస్తున్నాను. నాకు కోపం వస్తోంది. మా ఇంటికి మనుషులు రాకకాదు. పెద్దత్తయ్య వచ్చి భాగవతం చదువుకోమంది. బాబాయి వచ్చి, మనవళ్ళున్నారు, వాళ్ళను చూసుకుంటూ మర్చిపోవాలి అన్నయ్యా అన్నాడు. పక్కింటి ఆయన పొద్దున్నే నడవమన్నారు. నేనైతే రోజుకు పదిసార్లు "ఏం కావాలి నాన్నా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే కాఫీ తెచ్చేదాన్ని. అందరం ప్రేమతోనే చేశాం. అందరం కలిసి ఆయన నోరు నొక్కాం. ఇంట్లో వాళ్ళకు చెప్పుకోలేకపోవడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదు. చెప్పిన మాట వాళ్ళకే తగులుతుంది. "మీ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు" అని కూతురితో ఏ తండ్రి అంటాడు?

ఆ పాల్ దేవుడేమీ కాదు, నాకు ఈ సీరియల్ మీద గౌరవం అందుకే. తన దగ్గరికి వచ్చే లారా మీద అతనికే మనసు పడుతుంది. అతని దగ్గరికే వచ్చే అలెక్స్ అనే నేవీ పైలట్ విమానం కూలి చనిపోతే, తండ్రి వచ్చి నా కొడుకును నువ్వెందుకు ఆపలేదని నిలదీస్తాడు. అలెక్స్ తండ్రిగా వేసిన గ్లిన్ టర్మన్‌కూ, జీనాగా వేసిన డయాన్ వీస్ట్‌కూ 2008లో ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, వచ్చాయి. వినే పని చేసేవాడికి కూడా వినే మనిషి ఒకరు కావాలని, ఆ మోత అంత బరువని, శుక్రవారాలు చూస్తేనే తెలుస్తుంది. రోజుకు నలభై యాభై మందిని చూసే మన డాక్టర్ల మీద కూడా నాకు అప్పుడే కొంత జాలి కలిగింది.

మందులకు నేను వ్యతిరేకిని కాదు. ఆ మాత్రలతోనే నాన్నకు రాత్రిళ్ళు నిద్ర పట్టింది. కానీ నిద్ర పట్టిన మనిషి పొద్దున లేచి మళ్ళీ అదే గోడను చూస్తూ కూర్చుంటే ఏం చేయాలి? మన దగ్గర పిచ్చి డాక్టరు అంటారనే భయంతో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళామని చెప్పుకుంటారు. మా అత్తగారు ఇప్పటికీ అలాగే చెబుతున్నారు. మందులిచ్చే సైకియాట్రిస్టు వేరు, కూర్చోబెట్టి మాట్లాడించే క్లినికల్ సైకాలజిస్టు వేరు అని నాకూ మొన్నటిదాకా తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి విషయాలు గోప్యంగా ఉంచడం అతని హక్కు అంటోంది. మరి మూడు నంబర్ల వాళ్ళను లోపల నిలబెట్టి నాన్నను మనసులో బాధగా ఉంటోందా అని అడగడం ఏమిటి? బెంచీ బయట వేయండి, తలుపు మూయండి. దానికి డబ్బు ఖర్చు కాదు.

సీరియల్‌లో సోఫీ అనే పదహారేళ్ళ జిమ్నాస్టు రెండు చేతులకూ పిండికట్లతో వస్తుంది. తనకు జరిగింది ప్రమాదమేనని ఒక కాగితం రాసివ్వమంటుంది. ఆ కాగితం వెనక ఉన్నది బయటికి రావడానికి ఎన్నో వారాలు పడుతుంది. నిడమానూరు, పోరంకి వైపు ఇంటర్ హాస్టళ్ళ ముందు ఆదివారం సాయంత్రాలు చూడండి. టిఫిన్ డబ్బాలతో వచ్చిన తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే, "వారం పరీక్షలో ఎన్ని వచ్చాయి?" ఆ వయసు పిల్లలు పది నిమిషాల్లో గుండె విప్పి చెప్పేస్తారని ఎలా అనుకుంటాం? మనసు బాగాలేనివాళ్ళు ఫోన్‌లో మాట్లాడటానికి 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎన్ని హాస్టళ్ళ గోడల మీద ఆ నంబరు ఉందో ఈ ఆదివారం వెళ్ళేవాళ్ళు చూసి కింద రాయండి.

సునీల్ కథ చివర ఏమవుతుందో చెబుతున్నాను, చూడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. అతను తన మాటలతో కోడలికి తన వల్ల ప్రమాదమని పాల్‌కు అనుమానం పుట్టిస్తాడు. పోలీసులు పట్టుకుంటారు. ఇండియాకు తిప్పి పంపిస్తారు. అతనికి కావాల్సింది కూడా అదే! ఇంటికి వెళ్ళిపోతానని కొడుకుతో అనలేక అరెస్టయ్యాడు. పాల్‌ను మోసం చేశాడని కొందరు తిట్టుకుంటారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అటు పక్క గదిలో నాన్న ఉన్నారు.

వెతికి వెతికి మొగల్రాజపురంలో ఒక సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. నేను కుర్చీ లాక్కుని కూర్చోబోతుంటే ఆవిడ, "మీరు బయట ఉండండమ్మా" అన్నారు. నలభై ఐదు నిమిషాలు బయట కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తలుపు అవతలి నుంచి ఒక్క మాట కూడా వినపడలేదు. నాన్న బయటికి వచ్చాక ఏం మాట్లాడారని అడగబోయి మానుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

నాలుగోసారి వెళ్ళి వస్తున్నప్పుడు, ఏలూరు రోడ్డులో ఆటో ఆగిపోయి ఉండగా, ఆయనంతట ఆయనే అన్నారు: "అమ్మాయీ, గుంటూరు ఇంటి తాళం నీ దగ్గరే ఉందా?"

ఉంది నాన్నా అన్నాను. ఒక్కరే ఎలా ఉంటారు, వంట ఎవరు చేస్తారు అనే మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆటో కదిలేదాకా పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. బ్రాడీపేట ఇంట్లో మామిడి చెట్టుకు నీళ్ళు ఎవరు పోస్తున్నారో అన్నారు. అమ్మ పోయాక ఆ చెట్టు పేరు ఆయన నోట రావడం అదే మొదలు.