పాడైనా అదే లైటు, పనిలో ఉన్నా అదే లైటు

కొత్తగా బిగించిన కంప్యూటర్ ఇప్పుడే ఆన్ అయింది. సంతోషించాల్సింది పోయి ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను.

పవర్ బటన్ నొక్కగానే ఫ్యాన్లన్నీ తిరిగాయి. మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అంది. భాగాలన్నీ గుచ్చే మదర్‌బోర్డు మూలన డీర్యామ్ (అంటే ర్యామ్, కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) అని రాసి ఉన్న చోట గుండుసూది తలంత పసుపు లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. అది చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ర్యామ్ పోయిందనే కదా! కరెంటు తీసేసి, ర్యామ్ పీకి, టక్కుమనేదాకా మళ్లీ నొక్కాను. రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలోనే ఉన్నాయి. ప్రాసెసర్‌కి విడిగా వెళ్లే 8 పిన్నుల కేబుల్, చాలామంది మరిచిపోయేది అదే, అదీ పెట్టే ఉంది. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉంది. చివరికి బోర్డు సెట్టింగులను గుర్తుంచే సీమాస్ బ్యాటరీ కూడా తీసి పెట్టాను. మళ్లీ అదే పసుపు లైటు.

తీరా చూస్తే ఏదీ పాడవలేదు! డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ పెట్టి మొదటిసారి ఆన్ చేస్తే, ఆ ర్యామ్ ఏ టైమింగులకు, అంటే డేటా ఇచ్చిపుచ్చుకునే ఏ లయకు, సరిగ్గా పనిచేస్తుందో బోర్డు పరీక్షించుకుంటుంది. మెమరీ ట్రైనింగ్ అంటారు దాన్ని. ర్యామ్ ఎక్కువుంటే ఎన్నో నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో కరెంటు తీస్తే మళ్లీ మొదటికి. ఆ బ్యాటరీ తీసి సీమాస్ సెట్టింగులు చెరిపినా మళ్లీ మొదటికే. అంటే మనం కంగారుపడి బాగుచేయబోయిన ప్రతిసారీ దాని పని చెడగొడుతున్నామన్నమాట. ఈ ముక్క మాన్యువల్ మొదటి పేజీలో ఉండాలా వద్దా? పెట్టె మీద రంగురంగుల ఆర్‌జీబీ లైట్ల గురించి రాయడానికి చోటు దొరికింది, దీనికి దొరకలేదా?

ర్యామ్ సిద్ధం కాకముందు తెర మీద ఏమైనా చూపించడం బోర్డు వల్ల కాదని నాకూ తెలుసు. ఆ లైటునే ఆర్పి వెలిగిస్తే ఏం పోయేది? పనిలో ఉంటే మిణుకుమనాలి, పాడైతే నిలకడగా వెలగాలి. అంతే కదా అడుగుతున్నది!

1981లో వచ్చిన ఐబీఎం పీసీ కూడా అంతా బాగుంటే చిన్న బీప్ కొట్టి చెప్పేది. తర్వాత చాలా ఏళ్లు బీప్‌ల లెక్కను బట్టి ర్యామా, గ్రాఫిక్స్ కార్డా అని పోల్చుకునేవాళ్లం. ఇప్పటికీ చాలా బోర్డుల మీద స్పీకర్ పిన్నులున్నాయి, పెట్టెలో స్పీకరే ఉండదు. రెండంకెల కోడ్ చూపించే డిస్‌ప్లే కావాలంటే ఖరీదైన బోర్డు కొనాలి. తప్పెక్కడుందో తెలుసుకోవడం కూడా డబ్బున్నవాళ్లకేనా?

పైగా సలహాలు. 'రెడీమేడ్‌ది కొనుక్కోవాల్సింది' అంటారు ఒకరు. ఎందుకు కొనాలి? సొంతంగా బిగిస్తే ఏ భాగం ఏదో తెలుస్తుంది, రేపు ఒక్కటి పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. తప్పు మన దగ్గర లేదు, మనకు ఒక్క మాట చెప్పని వాళ్ల దగ్గర ఉంది.

ఇంతకంటే పాత కోపం ఇంకోటుంది, ఇప్పుడు చెప్పకపోతే నిద్రపట్టదు. మాడ్యులర్ పవర్ సప్లై కేబుళ్లు, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా నుంచి ఊడదీసి మళ్లీ గుచ్చగలిగే కేబుళ్లు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చింది కాబట్టి బోర్డు వైపు ఏ పిన్నులో ఎంత వోల్టేజీ రావాలో ఖాయంగా ఉంది. అదే కేబుల్ రెండో కొస, పవర్ సప్లైలో గుచ్చేది, దానికి మాత్రం ఏ పద్ధతీ లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఒకే కంపెనీలో రెండు మోడళ్లకు కూడా తేడా ఉండొచ్చు. కానీ ప్లగ్గు ఆకారం ఒకటే కావడంతో చక్కగా దూరిపోతుంది! మా తమ్ముడి కంప్యూటర్లో పవర్ సప్లై పోతే కొత్తది తెచ్చాడు. హార్డ్ డిస్కుకి కరెంటు తీసుకెళ్లే పాత సాటా కేబుల్ అప్పటికే కేబినెట్ వెనక నీట్‌గా కట్టి ఉంది, దాన్నే గుచ్చాడు. ఆన్ చేయగానే కాలిన వాసన. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలోకి 12 వోల్టులు వెళ్లాయి. హార్డ్ డిస్క్ పోయింది. అందులో మా ఇంటి ఫొటోలు, ఇంకెక్కడా లేనివి.

కంపెనీకి రాస్తే 'మా కేబులే వాడాలని మాన్యువల్‌లో ఉంది, వారంటీ వర్తించదు' అన్నారు. గుచ్చకూడనిది గుచ్చుకోకుండా ప్లగ్గుకు చిన్న గాటు పెట్టలేరా? కనీసం కేబుల్ మీద మోడల్ పేరు అచ్చేయలేరా? బోర్డు వైపు కొసకు అందరూ ఒప్పుకున్న లెక్క, రెండో కొసకు ఒప్పుకోవడానికి ఎవరు అడ్డొచ్చారు? వాళ్లు సమాధానం చెప్పేదాకా ఇది రాస్తూనే ఉంటాను. పవర్ సప్లై మార్చేవాళ్లు మాత్రం పాత కేబుళ్లన్నీ పీకి పక్కన పడేయండి, ఎంత నీట్‌గా కట్టి ఉన్నా సరే.