ఎన్ని ‘చివరి’ అవకాశాలు?

వరద తీశాక శివారు కాలనీల్లోకి వెళ్తే దండేల మీద బట్టల పక్కనే పిల్లల సర్టిఫికెట్లు కనిపిస్తాయి, క్లిప్పులు పెట్టి ఆరేసి. గోడ మీద నడుమెత్తున బురద గీత. గేటు బయట తడిసి ఉబ్బిన బియ్యం బస్తా. ఆ ఇంటివాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉంది, ఇంటి నంబరుంది, కరెంటు మీటరుంది, పన్ను రసీదుంది. ఇది చెరువు శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి అని వాళ్లకు చెప్పిన కాగితం మాత్రం ఒక్కటీ లేదు.

హైదరాబాద్ శివార్లకు ముంపు కొత్త కాదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువు తెగి దిగువ బస్తీల మీద పడింది. పడవలు, పాల ప్యాకెట్లు, ఇంటికి 10 వేల రూపాయల సాయం అందరికీ గుర్తే. గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ వరదకు ఆరు వారాల ముందే, ఆగస్టు 31న, అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు జీవో 131 వచ్చింది. దరఖాస్తు గడువు అక్టోబరు 15. కాలనీలు నీళ్లలో ఉండగానే దాన్ని నెలాఖరుకు పొడిగించారు!

ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర ఒక క్రమబద్ధీకరణ. తెలంగాణలో 2015లో మరొకటి. 2020లో ఇంకొకటి, దానికి రాష్ట్రమంతా కలిపి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు. ఆ దరఖాస్తులకే 2025లో ఫీజులో 25 శాతం రాయితీ. ప్రతిసారీ ఇదే చివరి అవకాశమన్నారు. వెంచర్లు వేసేవాళ్లు ఆ మాట నమ్మలేదు, నమ్మనందుకు వాళ్లెప్పుడూ నష్టపోలేదు. ఇవాళ పొలంలో రాళ్లు పాతి అమ్మేస్తే రేపు ప్రభుత్వమే ఫీజు కట్టించుకుని ముద్ర వేస్తుందని తెలిశాక అనుమతి కోసం ఎవరు తిరుగుతారు?

ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో, నాలా మీద ఉన్న ప్లాట్లకు ఈ పథకం వర్తించదని అధికారులంటారు. జీవోలో ఆ మాట ఉంది, కాదనం. కానీ ఎఫ్‌టీఎల్ హద్దు తేల్చి తుది నోటిఫికేషన్ ఇవ్వడానికే ఏళ్లు పడుతుంటే ఆ మినహాయింపు ఎవరిని ఆపుతుంది? పైగా హద్దుకు అవతల ఉన్నంత మాత్రాన సరిపోదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారి, ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరాలి. మధ్యలో వెంచర్ లేచి కాలువ కాస్తా ఇంటి పక్క సందులో పైపుగా మారిపోతే, నీరు ఇంకడానికి మట్టే లేని కాంక్రీటు మీది నుంచి గంట వానకే నీళ్లు గుమ్మంలోకి వస్తాయి. నిద్ర లేచి మోటారు ఆపేలోపే మంచం తేలుతుంది.

వాతావరణం మారిందని, ఇంత వానకు ఏ డ్రైనేజీ ఆగదని కొందరి వాదన. అందులో నిజం లేకపోలేదు. వాన పెరుగుతోందని తెలిసే కదా నీటి దారిలో ప్లాట్లకు ముద్ర వేస్తున్నది!

2024లో ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ పెట్టారు. చెరువుల్లో కట్టడాలు కూల్చారు. మరుసటి ఏడాదే రాయితీ ప్రకటించారు. ఒకచోట కూల్చుతూ, ఇంకోచోట తగ్గింపు ధరకు క్రమబద్ధం చేస్తుంటే జనానికి అర్థమయ్యేది ఏమిటి? దొరికినవాడు చెడ్డాడు, కాస్త ఆగినవాడు బాగుపడ్డాడు. రేపు వచ్చే ప్రభుత్వం ఇంకో ‘చివరి’ అవకాశం ఇవ్వడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

అప్పు చేసి కొన్న కుటుంబాన్ని రోడ్డున పడేయమని మేం అనడం లేదు. వాళ్లకు ప్రత్యామ్నాయం చూపాల్సింది ప్రభుత్వమే, ఖర్చు రాబట్టాల్సింది అమ్మినవాళ్ల నుంచి. ప్రతి చెరువు హద్దూ సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయం గోడ మీద కనిపించాలి, ఆ సర్వే నంబరుకు రిజిస్ట్రేషనే జరగకూడదు. ఇల్లు కూలిన వాళ్ల ఫొటోలు పేపర్లలో వస్తున్నాయి. కాలువ మీద లేఅవుట్‌కు సంతకం పెట్టిన అధికారి ఎవరో, పెట్టించిన నాయకుడెవరో ఎందుకు చెప్పరు? మంత్రులు ట్రాక్టరెక్కి మోకాలి లోతు నీళ్లలో ఫొటోలు దిగడం మాని, ముందు ఆ పేర్లు బయటపెట్టాలి.