లిఫ్టులో పాదరసం, పిజ్జా మీద జిగురు

1982 సెప్టెంబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ విభాగం వాళ్లు తమ ఎలక్ట్రానిక్ బులెటిన్ బోర్డులో ఒక చిక్కుప్రశ్నతో కాలక్షేపం చేస్తున్నారు. తీగ తెగి పడిపోతున్న లిఫ్టులో వెలుగుతున్న కొవ్వొత్తి ఏమవుతుంది? నేల మీది పాదరసం చుక్క ఏమవుతుంది? మాట మీద మాట పెరిగింది. ఒకాయన ఉండబట్టలేక ఒక హెచ్చరిక పెట్టాడు: ఇటీవలి ప్రయోగం వల్ల ఎడమ చివరి లిఫ్టు పాదరసంతో కలుషితమైంది, కాస్త కాలింది కూడా, శుక్రవారం ఉదయం ఎనిమిదికల్లా శుభ్రం చేస్తారు. అంతకుముందు సాగిన చర్చ చదవని వాళ్లు అది నిజమేననుకున్నారు.

ఇకమీదట సరదా మాటకు ఏదో ఒక గుర్తు ఉండాలని మళ్లీ చర్చ. నక్షత్రం పెడదామని ఒకరు, శాతం గుర్తు పెడదామని మరొకరు. సెప్టెంబరు 19న ఆ విభాగంలోనే పనిచేసే స్కాట్ ఫాల్మన్ కోలన్, గీత, బ్రాకెట్ వరుసగా పెట్టి, తల పక్కకు వంచి చదవమన్నారు. మన కుటుంబ గ్రూపుల్లో పొద్దున్నే కురిసే నవ్వు బొమ్మలన్నిటికీ ఆ మూడు గీతలే మూలపురుషులు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి అప్పటికి పదమూడేళ్లుగా ఆ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యులు. ఈ పురాణంతో మనకూ దూరపు చుట్టరికం ఉందని చెప్పుకోవచ్చు.

నవ్వుగుర్తు పుట్టిన కథను ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, అందులో లిఫ్టు హెచ్చరిక ఎవరిని నవ్వించింది, ఎవరిని భయపెట్టింది అన్నదే నాకు ముఖ్యం. చర్చను మొదటి నుంచి చదివినవాళ్లు నవ్వారు. మధ్యలో వచ్చినవాళ్లు హడలిపోయారు. వాక్యం మాత్రం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ లోకపు ఎకసెక్కాలన్నిటి స్వభావమూ ఇంతే. ముందు జరిగిన సంభాషణ తెలిసినవాడికి అది విశ్లేషణ, తెలియనివాడికి పుకారు. అందుకని ఈ కంప్యూటర్ పిచ్చివాళ్లు వెటకారం తగ్గించుకోవాలని, టెక్నాలజీ వార్తల దగ్గర గంభీరంగా ఉండాలని హితవు చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. అన్నవాడి వల్ల జరిగిన నష్టం కన్నా, ఆ మాటను సగం తెంపి మోసుకుపోయినవాడి వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

ఫాల్మన్ గుర్తు ప్రపంచమంతా పాకింది గానీ, ఈ వర్గం తమ గొప్ప చతురోక్తులకు దాన్ని ఎన్నడూ తగిలించలేదు. గోదావరి జిల్లాల వెటకారం లాగే వీళ్లదీ ముఖంలో ఒక్క కండరం కదలని విద్య. ఇంటర్నెట్ మూల నియమాలు ఆర్‌ఎఫ్‌సీలనే వరుస సంఖ్యల పత్రాలుగా వెలువడతాయి. 1990 ఏప్రిల్ 1న అదే వరుసలో, అదే పొడి భాషలో 1149వ పత్రం వచ్చింది. రచయిత డేవిడ్ వెయిట్స్‌మన్. విషయం: పావురాల ద్వారా డేటా పంపించే పద్ధతి. సమాచారాన్ని చిన్న కాగితంపై అచ్చువేసి, చుట్టచుట్టి, పావురం కాలికి టేపుతో అంటించాలి. ఆలస్యం ఎక్కువ, వేగం తక్కువ, ఎగిరే ఎత్తూ తక్కువేనని పత్రం నిజాయితీగా ఒప్పుకుంటుంది.

పదకొండేళ్ల తరువాత, 2001 ఏప్రిల్ 28న, నార్వేలోని బెర్గెన్ నగరపు లినక్స్ అభిమానులు దీన్ని నిజంగా చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు, అంటే సమాచారపు పొట్లాలు, పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది. అతి త్వరగా వచ్చిన జవాబుకే యాభై నిమిషాలకు పైగా పట్టింది. ఇదంతా పనిలేని పని అనిపిస్తుంది. కానీ ఇంటర్నెట్ మూల నియమమైన ఐపీకి, కింద ఉన్నది రాగి తీగా, గాజు తంతువా, ఉపగ్రహమా అన్న పట్టింపు లేదు. మోసేది ఏదైనా సరే, చిరునామా రాసిన పొట్లం అటునుంచి ఇటు చేరితే చాలు. ఆ నిర్మాణపు గొప్పతనమూ అదే. పాఠ్యపుస్తకం పది పేజీల్లో చెప్పే ఈ సంగతిని ఒక్క పావురం చెప్పేసింది. ఈ వర్గపు హాస్యంలో నాకు నచ్చేది ఇదే: నవ్వుతూనే సాంకేతికంగా తప్పు మాట్లాడరు.

పావురం కన్నా గట్టి ఉదాహరణ టీ కెటిల్. 1998 ఏప్రిల్ 1న లారీ మాసింటర్ 2324వ పత్రం రాశారు. ఇంటర్నెట్ ద్వారా కాఫీ యంత్రాన్ని నడిపే నియమావళి అది. కాఫీ కాచమని టీ కెటిల్‌ను అడిగితే, ‘నేను టీ కెటిల్‌ని’ అంటూ 418 అనే దోష సంఖ్య పంపాలి. పేజీ దొరకనప్పుడు మనకు కనిపించే 404కు ఇది తమ్ముడు. అయితే మాసింటర్ ఎగతాళి చేసింది కాఫీని కాదు. వెబ్ పేజీలు చూపించడానికి పుట్టిన హెచ్‌టీటీపీని, కనిపించిన ప్రతి పనికీ వాడేస్తున్న అలవాటును ఆయన వెక్కిరించారు. ఆ రోజుల్లో అది అతిశయోక్తి. ఇప్పుడు ఫోనుతో నడిచే కాఫీ యంత్రాలు దుకాణాల్లో దొరుకుతున్నాయి.

2017లో హెచ్‌టీటీపీ ప్రమాణాల బృందానికి నాయకుడైన మార్క్ నాటింగ్‌హమ్, నోడ్, గో వంటి ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లలోంచి 418ను తీసేయమని కోరారు. ఆయన వాదనలో బలం ఉంది. నాలుగు వందల వరుసలో ఖాళీ సంఖ్యలు అపారం కాదు, రేపు ఏ నిజమైన అవసరానికో 418 కావాలి, ఒక పాత సరదా కోసం దాన్ని బిగించి కూర్చోవడమెందుకు? దానికి ఎదురు తిరిగింది ఒక పదిహేనేళ్ల కుర్రాడు. 418ను కాపాడండంటూ ఒక సైటు పెట్టాడు. కంప్యూటర్ల వెనక ఇంకా మనుషులున్నారని గుర్తుచేసే సంఖ్య అది అన్నది అతని వాదం. ప్రోగ్రామర్లు ఆ కుర్రాడి వెనక నిలబడ్డారు. చివరికి 2022 జూన్‌లో వచ్చిన 9110వ పత్రం, అంటే నేటి అధికారిక ప్రమాణం, 418ను ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. అందరూ సరదాకు ఇంతగా వాడేశాక ఇక ఏ పనికీ అక్కరకు రాదన్నది అందులోని వివరణ. నాటింగ్‌హమ్ తర్కం సరైనదే, అయినా కుర్రాడు గెలవడమే నాకు సబబుగా తోస్తుంది. హెచ్‌టీటీపీ దుర్వినియోగంపై వచ్చిన విమర్శ ప్రమాణ పత్రం నడుమనే శాశ్వతంగా నిలిచిపోయింది. గంభీరమైన విమర్శా వ్యాసం ఏదీ అక్కడిదాకా వెళ్లలేదు.

ఇక వీళ్ల నిత్య పరిహాసాల్లో ‘శుక్రవారం కొత్త కోడ్ విడుదల చేయకు’ అన్నది బాగా పాతది. చేస్తే శని, ఆదివారాలు దానికే బలి. 2024 జూలై 19 శుక్రవారమే. మన గడియారం ప్రకారం ఉదయం తొమ్మిదిన్నర దాటాక క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న మార్పు పంపింది. ఒకచోట ఇరవై ఒక్క విలువల కోసం చూస్తున్న ప్రోగ్రాముకు మరోచోట నుంచి అందుతున్నవి ఇరవై. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరలు వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. వాటి ఫొటోలు దేశమంతా తిరిగాయి. లోపమున్న ఫైలును గంటా పద్దెనిమిది నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు గానీ, మొరాయించిన యంత్రాలను చాలాచోట్ల మనుషులే వెళ్లి ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చింది. శుక్రవారపు పరిహాసం ఆ వారాంతం నిర్వహణ సూత్రంలా వినిపించింది.

అదే రోజు ఇంకో చమత్కారం దారి తప్పింది. అమెరికాలో పెద్ద విమాన సంస్థలు కుదేలవుతుంటే సౌత్‌వెస్ట్ పెద్దగా చలించలేదు. వాళ్లు 1992 నాటి విండోస్ 3.1 వాడుతున్నారు కాబట్టే బతికిపోయారని ఎవరో ఛలోక్తి విసిరారు. విండోస్ 3.1ను ఎరిగినవాళ్లు కడుపుబ్బ నవ్వుకున్నారు. ఎందుకంటే ఒక విమాన సంస్థ మొత్తం నేడు దాని మీద నడవడమన్నది ఊహకు అందని విషయం. కొన్ని వార్తా సంస్థలు మాత్రం దాన్ని కారణంగా, సంజాయిషీగా, చివరికి పాత సాంకేతికత ఘనతకు నిదర్శనంగా రాసేశాయి. ఆధారం ఏమీ లేదు. ఒక్క ఇంజనీరును అడిగినా తేలిపోయే సంగతి అది. తెలుగులో మనం చదివే టెక్ వార్తలు చాలావరకు ఇంగ్లిషు దాటి వచ్చేవే. ఆ ప్రయాణంలో ముందుగా రాలిపోయేది మాటలోని స్వరం, తరువాత అది ఎవరి మాట అన్నది. మన డెస్కుల్లో ఎవరైనా ఈ రెండింటినీ పట్టి చూసుకుంటున్నారా అని నాకు అనుమానం.

విలేకరి పొరబడితే సవరణ వేయించవచ్చు. యంత్రం దగ్గర ఆ వీలు కూడా సన్నగిల్లుతోంది. 2024 మే నెలలో గూగుల్ అమెరికాలో తన వెతుకులాట ఫలితాల పైన కృత్రిమ మేధ జవాబులు చూపించడం మొదలుపెట్టింది. పిజ్జా మీద చీజ్ జారిపోతోందని అడిగితే, సాస్‌లో కప్పులో ఎనిమిదో వంతు విషరహిత జిగురు కలపమని సలహా ఇచ్చింది. ఆ కొలత ఎక్కడిదో రెడిట్ అనే చర్చా సైటులోని పాత కాపులు వెంటనే పట్టేశారు. పదకొండేళ్ల కిందట ఒకరు సరదాకు రాసిన వ్యాఖ్య అది. ఆ సంభాషణలో ఉన్నవాళ్లకు అది నవ్వు, యంత్రానికి వంటచిట్కా. లిఫ్టు దగ్గర జరిగిందే ఇక్కడా జరిగింది. కాకపోతే అప్పుడు హడలినవాళ్లు ఒక్క విభాగానికి చెందినవాళ్లు.

వ్యంగ్య రచనలనూ, సాధారణ వాడుకరుల రాతలనూ ఇలాంటి జవాబుల్లో తగ్గిస్తామని ఆ నెలాఖరున గూగుల్ చెప్పింది. జల్లెడ పడితే జిగురుతో పాటు ఇంకేమి పోతాయన్నది ఆలోచించాలి. కోడ్ రాసుకునే విమ్ అనే ఎడిటర్ ప్రోగ్రాములోకి వెళ్లినవాడు బయటికి రాలేడన్నది ఈ వర్గంలో అరిగిపోయిన హాస్యం. బయటికి రావడమెలా అన్న ఒక్క ప్రశ్నను 2017 నాటికి పది లక్షల సార్లు చూశారని, ప్రోగ్రామర్లు ఒకరినొకరు సందేహాలు అడుగుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు ప్రకటించింది. హాస్యం వెనక ఉన్న కష్టం అంతటిది, జల్లెడ పడితే అలాంటిదీ పోవచ్చు. నాకు జల్లెడ కన్నా ఆచూకీ ముఖ్యం. మాట ఏ ప్రశ్నకు జవాబుగా, ఎప్పుడు, ఎవరు అన్నారో జవాబు పక్కనే పెద్ద అక్షరాల్లో కనిపించాలి. ఆచూకీ పేరుకు ఉంటే చాలదని కూడా తేలింది. జిగురు సలహా వచ్చాక ఒక అమెరికన్ పాత్రికేయురాలు ఆ పిజ్జాను నిజంగానే చేసుకుని, తిని, ఆ ముచ్చట రాసింది. జూన్‌లో ఒకరు పిజ్జాలో జిగురు ఎంత వేయాలని గూగుల్‌ను అడిగితే, కృత్రిమ మేధ మళ్లీ అదే ఎనిమిదో వంతు కప్పు చెప్పి, ఆధారంగా ఆమె వ్యాసాన్ని చూపించింది.