తేమకు మిషన్ ఉంది, తరుగుకు లేదు

దాచిన గుట్టును బయటపెట్టే మిషన్లలో మన వరంగల్ దిక్కు ఎవరికీ తీసిపోదని గర్వంగా మనవి చేస్తున్నాను. పోయిన యాసంగిలో బాపు వడ్లు కొనుగోలు సెంటర్‌కు తోలుకుపోతే, గుప్పెడు గింజలు తేమ మిషన్‌లో పోసి మీట నొక్కారు. 19 వచ్చింది. 17 శాతం దాటితే కొనరు, రూలు రూలే. గింజను పంటికింద కటుక్కుమనిపించి "ఎండినయ్ రా" అని బాపు ఇచ్చిన తీర్పు అక్కడికక్కడే కొట్టేశారు. గింజలో నీళ్లున్నకొద్దీ కరెంటు నడిచే తీరు మారుతుంది, మిషన్ దాన్ని పసిగడుతుంది, దానికి మొహమాటం ఉండదు. పక్క కుప్ప మాత్రం మొదటిసారికే 16 చూపించింది; అది కాంటా దగ్గరుండే ఆయన బావమరిదిదట, వాళ్ల కల్లంలో ఎండ ఎక్కువేమో.

మూడు రోజులు ఆరబోశాం, రాత్రి మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ పట్టుకుని ఉరికాం. చివరికి కాంటా ఎక్కితే బస్తాకు కిలో తరుగు తీశారు. ఎందుకన్నా అంటే "తాలుంటది కదా కాకా" అన్నారు బాపుతో. తాలు ఎంతుందో చూసే మిషన్ ఏదీ అంటే, అది కంటికే తెలుస్తుందట! నీళ్లకు మిషన్ కావాలి, తాలుకు కన్ను చాలు.

పాలలో వేసి చిక్కదనం చూసే లాక్టోమీటరు ఇంకా అమాయకురాలు. పాలలో నీళ్లు కలిపితే కిందికి దిగుతుంది, వెన్న తీస్తే పైకి లేస్తుంది, మరి వెన్న తీసి ఆ మేరకు నీళ్లు పోస్తే? బుద్ధిగా ఉండాల్సిన గీత దగ్గరే నిలబడుతుంది. ఈ శాస్త్రం మా ఇంటికి పాలు పోసే ఆయనకు బాగా తెలుసని నా అనుమానం, నిరూపించలేను.

హన్మకొండలో రాత్రి గొట్టంలో ఊదించే మిషన్‌తో మాత్రం పేచీ లేదు. బండి నడిపేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మా బావ దానికి భయపడి ఆటోలో వస్తాడు, ఇంటికొచ్చాక అక్క ముక్కుకు దొరుకుతాడు. ఆయన చెప్పులు విడవకముందే రీడింగ్ వచ్చేస్తుంది.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం ఒక్కటే: కాంటా పక్కన ఇంకో చిన్న మిషన్ పెట్టండి, బస్తాను కాదు, బస్తా మీద చెయ్యేసి నిలబడ్డ వాళ్లను చూసేది. ఇదే మాట బాపుకు చెబితే బీడీ ముట్టించుకుంటూ అన్నాడు: "పెడతరు బిడ్డా. కోతలప్పుడు రిపేరుకు పోతది."