డ్వేన్ ఆల్మన్‌ను చంపింది పీచ్ పళ్ల లారీ కాదు

అక్టోబరు 29 దగ్గర పడితే చాలు, గిటార్ అంటే ఇష్టమున్న వాళ్ల ఫోన్లలో ఒక పోస్టు తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ గిటారిస్టు డ్వేన్ ఆల్మన్ 24 ఏళ్లకే, బైక్ మీద వెళ్తూ పీచ్ పళ్ల లోడుతో ఉన్న లారీని గుద్దుకుని చనిపోయాడు. అందుకే బ్యాండ్ తర్వాతి ఆల్బమ్‌కి 'ఈట్ ఎ పీచ్' అని పేరు పెట్టి, ఆ లారీ బొమ్మనే అట్ట మీద వేశారు. సరిగ్గా ఏడాదికి, అదే చోట, బ్యాండ్‌లోని బేస్ గిటారిస్టు కూడా చనిపోయాడు. లినర్డ్ స్కినర్డ్ అనే ఇంకో రాక్ బ్యాండ్ వాళ్లు 'ఫ్రీ బర్డ్' పాట డ్వేన్ కోసమే రాశారు. డ్వేన్‌తోనే ఆ బ్యాండ్ కథ ముగిసింది."

పంపినవాళ్లు ఆయన మీద ప్రేమతోనే పంపారు. నాకూ ఆయనంటే ప్రాణం. అందుకే ఊరుకోలేకపోతున్నాను. ఈ పోస్టులో పూర్తిగా నిజమైనవి ఆయన వయసు, బైక్ ప్రమాదం మాత్రమే. మిగతా ఒక్కో మాటా చూద్దాం.

ముందు లారీ సంగతి. 1971 అక్టోబరు 29 సాయంత్రం, జార్జియా రాష్ట్రంలోని మేకన్ ఊరు. బేస్ గిటారిస్టు బెర్రీ ఓక్లీ భార్య పుట్టినరోజని డ్వేన్ వాళ్లుండే 'బిగ్ హౌస్'కి వెళ్లాడు. అక్కణ్నుంచి తన హార్లీ డేవిడ్సన్ మీద బయల్దేరాడు. హిల్‌క్రెస్ట్ అవెన్యూ, బార్ట్‌లెట్ స్ట్రీట్ కలిసే కూడలిలో ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. అది ఫ్లాట్‌బెడ్, అంటే పక్కలు లేని చదును లారీ. దాని మీద ఉన్నది దుంగలు ఎత్తే క్రేన్. తప్పించబోయి గుద్దుకున్నాడు. బైక్ ఎగిరి ఆయన మీదే పడింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసినా బతకలేదు. ఇంకో మూడు వారాలు ఉంటే 25 నిండేవి. న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే కచేరీ హాల్లో బ్యాండ్ వాయించిన 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్' లైవ్ ఆల్బమ్‌కి గోల్డ్ రికార్డు గుర్తింపు వచ్చి అప్పటికి కొద్ది రోజులే అయింది.

ఈ వివరాలేవీ తెలియకపోయినా ఒక్క విషయం ఆలోచిస్తే చాలు. జార్జియాలో పీచ్ కాపు మే నడుమ మొదలై ఆగస్టుతో అయిపోతుంది. అక్టోబరు చివర మేకన్ వీధుల్లో పీచ్ పళ్ల లోడు వెళ్తోందంటే, దీపావళికి నూజివీడు రసాల లారీ ఎదురైందని చెప్పినట్టే.

ఇక ఆల్బమ్ పేరు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎందుకంటే ఆ పేరు డ్వేన్ బతికుండగా, తన నోటితో అన్న మాటలోంచి వచ్చింది. అప్పట్లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఆయన్ని, విప్లవానికి మీరేం సాయం చేస్తున్నారని అడిగారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు, ప్రతి సంగీతకారుడినీ ఆ ప్రశ్న అడిగేవారు. విప్లవం అంటూ ఏమీ లేదు, ఉన్నది పరిణామమే అన్నాడాయన. జార్జియాలో ఉన్నప్పుడల్లా శాంతి కోసం ఒక పీచ్ పండు తింటానని కూడా అన్నాడు. ఇంగ్లీషులో ఆ పండు పేరు, శాంతి అనే మాట పక్కపక్కన పెడితే చక్కగా ప్రాస కుదురుతుంది. ఆ మాటలో జార్జియా అమ్మాయిల మీద ఒక కొంటె అర్థం కూడా ఉందని ఆయన్ని ఎరిగినవాళ్లు చెబుతారు. కొంటెతనం, శాంతి రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి. నాకు తెలిసిన డ్వేన్ అంటే అదే.

ఆయన పోయాక ఆల్బమ్ పూర్తిచేస్తున్నప్పుడు రికార్డు కంపెనీ వాళ్లు వేరే పేరు అనుకున్నారు. డ్రమ్మర్ బుచ్ ట్రక్స్‌కి అది నచ్చలేదు. డ్వేన్ అన్న మాటనే పెడదామన్నాడు. అదే కుదించి 'ఈట్ ఎ పీచ్' అయింది. 1972 ఫిబ్రవరిలో విడుదలైంది. స్నేహితుడు చెప్పిన మాటను అతని తోటివాళ్లు దాచుకున్నారు. ఆ మాటనే తీసుకెళ్లి అతన్ని చంపిన లారీకి అంటగడితే, అతని గొంతు నొక్కినట్టు కాదా?

అట్ట మీద లారీ ఉన్న మాట నిజమే. దాని మీద పెద్ద పీచ్ పండూ ఉంది. బహుశా ఈ కథంతా అక్కణ్నుంచే పుట్టి ఉంటుంది. కానీ అది పాత పోస్టుకార్డు బొమ్మ. మా ఊళ్లో పండే పళ్లు ఇంతింత అని చెప్పుకోవడానికి, లారీకి సరిపోయేంత పండు ఉన్నట్టు బొమ్మ చేసి అమ్మే కార్డులు అమెరికాలో ఒకప్పుడు మామూలే. డేవిడ్ పావెల్ అనే చిత్రకారుడు అలాంటి కార్డులు ఒక మందుల షాపులో చూసి ఈ అట్ట చేశాడు. ఆల్బమ్ దొరికితే వెనక్కి తిప్పి చూడండి. అక్కడ రైలు బోగీ నిండా ఒకే ఒక్క పుచ్చకాయ ఉంటుంది. పీచ్ లారీ డ్వేన్ చావుకు గుర్తు అయితే, మరి పుచ్చకాయ రైలు ఎవరి చావుకు గుర్తు?

బెర్రీ ఓక్లీ విషయం. ఆయన కూడా మేకన్‌లోనే, బైక్ ప్రమాదంలోనే, 24 ఏళ్లకే పోయాడు. అది 1972 నవంబరు 11న. అంటే ఏడాది దాటి దాదాపు రెండు వారాలు. ఒక బస్సును గుద్దుకున్నాడు. ఆ చోటు డ్వేన్ పడిన కూడలికి రెండు మూడు వీధుల అవతల ఉంది. అసలు నిజమే గుండె పిండేలా ఉంటే, దానికి తేదీ, చోటు కలిపి ఇంకా పెంచడం దేనికి? ఇద్దరూ మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఉన్నారు.

'ఫ్రీ బర్డ్' గురించి రెండు ముక్కలు చాలు. ఆ పాట స్కినర్డ్ బ్యాండ్‌లోని అలెన్ కాలిన్స్, రానీ వాన్ జాంట్ కలిసి చేసింది. 1970లోనే ఉంది, అంటే డ్వేన్ బతికుండగానే. మొదటి వాక్యం, కాలిన్స్‌ని అతని ప్రియురాలు అడిగిన ప్రశ్నలోంచి వచ్చింది. డ్వేన్ పోయాక స్కినర్డ్ వాళ్లు వేదికల మీద ఆ పాటను ఆయనకి అంకితమిచ్చేవారు. అంకితమివ్వడం వేరు, ఆయన కోసం రాయడం వేరు. డ్వేన్ కోసం నిజంగా రాసిన పాట కావాలంటే 'ఈట్ ఎ పీచ్'లో మొదటిది వినండి. 'ఎయింట్ వేస్టిన్ టైమ్ నో మోర్'. అన్న పోయిన దుఃఖంలో తమ్ముడు గ్రెగ్ ఆల్మన్ రాసుకున్నది. అన్నకి ఎంతో ఇష్టమైన 'మెలిస్సా'ని గ్రెగ్ ఆయన అంత్యక్రియల్లో పాడాడు. అదీ ఈ ఆల్బమ్‌లోనే ఉంది.

డ్వేన్‌తోనే బ్యాండ్ ముగిసిందన్న మాటకి లెక్కలే సమాధానం. 'ఈట్ ఎ పీచ్' అమెరికా చార్టుల్లో 4వ స్థానానికి చేరింది. 1973లో వచ్చిన 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్' మొదటి స్థానానికే వెళ్లింది. మధ్యలో విడిపోయారు, కలిశారు, మళ్లీ విడిపోయారు. చివరి కచేరీ 2014 అక్టోబరు 28న న్యూయార్క్‌లోని బీకన్ థియేటర్‌లో. అది అర్ధరాత్రి దాటి 29లోకి నడిచింది, అంటే డ్వేన్ పోయిన రోజులోకి. డ్వేన్‌కి పేరు తెచ్చింది స్లైడ్ గిటార్, అంటే వేలికి గొట్టం లాంటిది తొడుక్కుని తీగల మీద జారిస్తూ వాయించడం. ఆ రాత్రి స్లైడ్ వాయించినవాళ్లలో బుచ్ ట్రక్స్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ ఒకడు. డ్వేన్ పోయినప్పటికి అతను పుట్టనేలేదు.

వారసత్వం అంటే అది. ఆ స్లైడ్ ఎలా మొదలైందో ఏ పోస్టులోనూ ఉండదు, నాకు అది కథలన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. డ్వేన్‌కి ఒంట్లో బాగాలేని ఒక పుట్టినరోజున, గ్రెగ్ రెండు వస్తువులు ఇచ్చాడు. ఒకటి తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి రికార్డు. రెండోది కోరిసిడిన్ అనే జలుబు మాత్రల సీసా. రికార్డులో స్లైడ్ గిటార్ విని డ్వేన్ మాత్రలు పక్కన పోసేశాడు. సీసా మీది కాగితం కడిగేసి, దాన్ని వేలికి తొడుక్కుని తీగల మీద జారించడం మొదలుపెట్టాడు. మన గోటువాద్యం విన్నవాళ్లకి ఆ జారుడులోని హాయి కొత్తగా చెప్పక్కర్లేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్యనున్న చోటులోనే పాటంతా ఉంటుంది.

కొద్దికాలానికే, 1968 చివర, అలబామాలోని మజిల్ షోల్స్‌లో సోల్ గాయకుడు విల్సన్ పికెట్ పాడుతుంటే ఆయన వెనక గిటార్ వాయించాడు. బీటిల్స్ పాట 'హే జూడ్'ని పాడమని పికెట్‌కి నచ్చజెప్పింది కూడా డ్వేనే. ఆ రికార్డు చివర్లోని గిటార్ విని, బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అది ఎవరిదని వాకబు చేశాడు. 1970లో మయామిలో ఇద్దరూ కలిసి 'లేలా' ఆల్బమ్ చేశారు. ఇంకోపక్క బ్యాండ్‌లోని రెండో డ్రమ్మర్, నల్లజాతివాడైన జైమో వినిపించిన మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్‌ల జాజ్ రికార్డులు డ్వేన్ చెవుల్లోంచి పోలేదు. ఫిల్‌మోర్ ఈస్ట్ వేదిక మీద ఒక్కో పాట అంతసేపు సాగడానికి అసలు కారణం ఆ జాజ్ పిచ్చి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వేదిక మీద ఒకే బ్యాండ్‌గా నిలబడటం 1969లో చిన్న విషయం కాదు. విప్లవం లేదు, పరిణామమే ఉందన్న మనిషి నడిపిన బ్యాండ్ అది.

ఈసారి 29న ఆయన్ని తలుచుకోవాలనుకుంటే, 'ఈట్ ఎ పీచ్'లో చివరి పాట 'లిటిల్ మార్తా' పెట్టుకోండి. రెండు నిమిషాలే, మాటలు లేవు, డ్వేన్, బ్యాండ్‌లోని ఇంకో గిటారిస్టు డికీ బెట్స్ రెండు అకౌస్టిక్ గిటార్లు వాయిస్తారు. డ్వేన్ ఒక్కడి పేరు మీదే ఉన్న రచన ఆ బ్యాండ్ రికార్డుల్లో అదొక్కటే. చనిపోవడానికి కొద్ది వారాల ముందు రికార్డు చేశాడు. ఆ పేరు రోజ్ హిల్ శ్మశానంలో ఒక పన్నెండేళ్ల పాప సమాధి మీదున్న బొమ్మను చూసి పెట్టింది. ఆ రోజుల్లో బ్యాండ్ వాళ్లు సాయంత్రాలు అక్కడికి వెళ్లి కూర్చుని గిటార్లు వాయించుకునేవారు.